పురశిల్పవిద్యయు మన విద్యార్థివేతనములును

బెంజ్ సర్కిల్ చెంత జరిగిన మన వార్షిక మహాసభయందలి ఉపన్యాసము



నేను వక్తను గాను; పండితుడను గాను. ఇండ్లకును వీథులకును పటములు గీసి జీవించువాడను. అయినను ఈ వేదికపై నిలిచి రెండు మాటలు పలుకుటకు నాకొక హక్కును, అంతకంటె పెద్దదియగు నొక బాధ్యతయును కలవు. మన విద్యానిధి యొసగిన వేతనముతో చదివినవారిలో నేనొకడను. సొమ్ము తీసికొన్నవాడు లెక్క చెప్పవలయును గదా! ఇన్నేండ్లకైనను ఆ లెక్క నప్పగించుటకే వచ్చితిని.

గత సంవత్సరపు సంచికలో మన పూర్వవిద్యార్థుల వార్తలు చదివితిని. ఒకరికి పరదేశమున ఉద్యోగము లభించెను. ఒకరు పై పదవికి వెళ్లిరి. ఒకరు గృహప్రవేశము చేసిరి. ఒకరికి వివాహమయ్యెను. చదివి మిక్కిలి సంతసించితిని. మనవారి అభివృద్ధి మనకు పండుగ గాక మరేమి? కాని ఆ పుటలలో గృహశిల్పము చదివినవారు ముగ్గురు నలుగురు కలరు. వారేమి కట్టిరి? అందెవరు నివసించుచున్నారు? ఒక వానకాలము గడచిన పిమ్మట ఆ కట్టడమెట్లున్నది? ఈ మాట ఒక్కటియు లేదు. చెప్పని వారిది గాదు దోషము, అడుగని మనది. ఉద్యోగవార్తయే వృత్తివార్తయని మనము భ్రమించుచున్నాము. జీతమెంతయని అడుగుదుము, పనియేమని అడుగము. నేటి నా ఉపన్యాసమంతయు ఈ యొక్క లోపమును గూర్చియే.

నా స్వవిషయము కొంచెము మనవి చేయుదును; మన్నింపుడు. బందరుకాలువ చివరి భూములలోనిది మా గ్రామము. నీరు వచ్చినయేడు పంట, రానియేడు అప్పు. నేను ఆర్కిటెక్చరు చదువుదునని మన సంఘమువారిని ఆశ్రయించినపుడు ఒక పెద్దమనిషి నవ్వి, "మేస్త్రీ పనికి అయిదేళ్ల చదువెందుకోయ్?" అనిరి. వారి తప్పు లేదు. ఆనాడు మన ఊళ్లలో ఇల్లు కట్టించువానికి మేస్త్రీ తెలియును, ఇంజినీరు తెలియును. ఈ మూడవవాడెవడో తెలియదు. ఆ సభలోనే మరియొక వృద్ధులు, ఇప్పుడు కీర్తిశేషులు, నన్ను దగ్గరకు పిలిచి యిట్లనిరి: "వేతనం ఇప్పిస్తాను నాయనా. ఏ ఊరు వెళ్లినా నాకో కార్డు ముక్క రాయి. అక్కడి మేడలు ఎన్ని అంతస్తులో నాకక్కర్లేదు. వానపడితే నీళ్లు ఎటు పోతున్నాయో, నడిచేవాడు ఎటు పోతున్నాడో, ఆ రెండూ రాస్తే చాలు." "అలాగేనండీ, తాతగారూ" అంటిని. ఆయన కృష్ణా కాలువక్రింద సేద్యము చేసిన రైతు. నీరు పల్లమెరుగునను సంగతి ఆయనకు పుస్తకములు నేర్పలేదు. అయిదేండ్ల చదువులో నేను నేర్చినదానికి ఆ రెండు ప్రశ్నలే సారాంశమని చాల కాలమునకుగాని నాకు తెలియలేదు.

ఈ విద్య యేమియో ముందుగా విన్నవింతును. ఒక ఇంటిని దిద్దువాడు గృహశిల్పి. ఇంటికిని ఇంటికిని నడుమనుండు చోటును, అనగా వీథిని, కూడలిని, కాలువగట్టును, సంతను, చెట్టునీడను దిద్దువాడు పురశిల్పి. ఊరు ఇరువది యేండ్లకు ఎటు పెరుగవలయునో లెక్కగట్టువాడు పట్టణప్రణాళికాకర్త. ముగ్గురును ఒకే విద్యావృక్షపు కొమ్మలు. మన దేశమున 1972వ సంవత్సరపు చట్టము ప్రకారము పట్టికలో నమోదైనవాడే ఆర్కిటెక్టు అను పేరు పెట్టుకొనవలయును. ఈ విద్యకై దూరదేశములు పోనక్కరలేదు. మనము కూర్చున్న ఈ బెంజ్ సర్కిల్ నుండి ఏలూరు దిక్కుగా పోవు జాతీయరహదారిమీద నిడమనూరున కేంద్రప్రభుత్వమువారి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కలదు. 2008వ సంవత్సరమున స్థాపింపబడి, 2014వ సంవత్సరపు చట్టముచే జాతీయ ప్రాముఖ్యముగల సంస్థయని గుర్తింపు పొందినది. గృహశిల్పము అయిదేండ్లు, ప్రణాళిక నాలుగేండ్లు. ఆపైన ఉన్నతవిద్యయు నచ్చటనే కలదు. ఇంజినీరింగు ప్రవేశమునకై మన పిల్లలు రాత్రింబవళ్లు చదువు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలోనే రెండవ పత్రము దీనికి ద్వారము. ఈ సంగతి తెలియని తలిదండ్రులు నేటికిని మనలో పెక్కురు కలరు.

ఇక వేతనముల మాట. చదువుకొనుటకిచ్చు వేతనమొకటి; చదువు ముగించి కొంతకాలము పనిచేసినవానిని, లోకము చూచి రమ్మని, ఆలోచించుకొని రమ్మని పంపు వేతనమొకటి. ఈ రెండవదానినే ఫెలోషిప్పు అందురు. మనము మొదటిదే ఎరుగుదుము. రెండవది యేమి ఫలము నిచ్చునో కొన్ని నిదర్శనములు చూపుదును.

మన తెలుగునాటినుండియే మొదలిడుదము. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు భవనములు నిర్మింప సంకల్పించినపుడు నైజాము ప్రభుత్వము జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అను ఇరువురు శిల్పులను, దేశదేశముల విద్యాలయములను చూచి రమ్మని ప్రభుత్వవ్యయముతో పంపెను. వారు చూచి వచ్చిరి. బెల్జియము దేశస్థుడగు ఎర్నెస్టు జాస్పరు అను శిల్పి సాయముతో పని జరిగెను. 1939వ సంవత్సరమున ఆర్ట్సు కళాశాలాభవనము ప్రారంభమయ్యెను. ఆ మెట్లమీద కూర్చుండి చదివిన తెలుగువారెందరు! ఇరువురి ప్రయాణపు ఖర్చు ఎన్ని తరములకు వడ్డీ చెల్లించుచున్నదో యోచింపుడు.

తరువాతి నిదర్శనము. 1945వ సంవత్సరమున నాటి భారతప్రభుత్వము అచ్యుత కన్విందే అను యువకుని అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు, గ్రోపియసు అను ప్రసిద్ధాచార్యునియొద్దకు పంపెను. ఆయన తిరిగివచ్చి కాన్పూరు ఐ.ఐ.టి. వంటి విద్యాస్థానములకు రూపము నిచ్చెను. హబీబ్ రహమాన్ అను నింకొకరు అమెరికాలో చదివి 1946వ సంవత్సరమున మరలివచ్చి బారకుపూరు గంగాతీరమున గాంధీఘాటును నిర్మించిరి. బాలకృష్ణ దోషీగారు 1958వ సంవత్సరమున గ్రాహం ఫౌండేషను వారి ఫెలోషిప్పుపై అమెరికా వెళ్లిరి. 1962వ సంవత్సరమున అహమ్మదాబాదున ఆర్కిటెక్చరు పాఠశాలను నెలకొల్పిరి. బీదలకు తమంతట తాము పెంచుకొనదగిన ఇండ్లను ఇండోరు నగరమున అరణ్య అను పేట యందు రూపొందించిరి. 2018వ సంవత్సరమున ప్రిట్జ్‌కర్ బహుమానము, అనగా ఈ వృత్తియందలి పరమగౌరవము, ఆయనకు లభించెను. భారతీయులలో ఆయనయే ప్రథముడు. అమెరికానుండి మన దేశమునకు వచ్చినవారును కలరు. క్రిస్టఫర్ బెనింజర్ అను నాయన 1968వ సంవత్సరమున ఫుల్‌బ్రైటు వేతనముపై అహమ్మదాబాదు వచ్చి, పిమ్మట అచ్చటనే ప్రణాళికావిద్యకు పాఠశాల స్థాపించి, ఈ దేశముననే స్థిరపడి 2024వ సంవత్సరమున స్వర్గస్థులైరి.

హార్వర్డునందే 1970వ సంవత్సరమున లోబ్ ఫెలోషిప్పు అనునది యేర్పడెను. దానిలోని విశేషము చెప్పెదను. అందు చేర్చుకొనునది విద్యార్థులను గాదు. కొన్నియేండ్లు పనిచేసి అనుభవము గడించినవారిని. ఒక సంవత్సరము అచ్చటనుండి తమకు వలసినది చదువుకొందురు. పట్టము లేదు. గృహశిల్పులే గాక పత్రికారచయితలు, కళాకారులు, ప్రజాసేవకులుగూడ నుందురు. సంవత్సరము ముగిసినంతమాత్రమున సంబంధము ముగియదు. పూర్వసభ్యులు మరల మరల కూడుకొందురు. ఎవరే ఊర నేపని తలపెట్టిరో ఒకరికొకరు తెలుపుకొందురు. నేను వృత్తివార్త యని దేనినంటినో అది యిదియే.

పైన చెప్పినవారందరును తెచ్చినదేమి? పరదేశపు మేడల నకళ్లు గావు. ఒకరు విద్యాలయము తెచ్చిరి. ఒకరు పాఠశాల తెచ్చిరి. ఒకరు బీదవాని యింటికి రూపము తెచ్చిరి. వేతనమిచ్చినవారు వారినుండి ఉద్యోగవార్తతో తృప్తిపడలేదు, పనిని ఆశించిరి. ఆశింపబడినవాడే పనిచేయును.

ఇప్పుడు మన ఊరికి వత్తము. కృష్ణానదికి ఆనకట్ట 1855వ సంవత్సరమున పూర్తియయ్యెను. ఆనకట్టతో కాలువలు, కాలువలతో పంట, పంటతో వర్తకము, వర్తకముతో బెజవాడ పెరిగెను. 1888వ సంవత్సరమున పురపాలకసంఘము, 1981వ సంవత్సరమున కార్పొరేషను ఏర్పడెను. 1957వ సంవత్సరమున ప్రకాశము బరాజు ప్రారంభమయ్యెను. 2011వ సంవత్సరపు లెక్కలలో జనసంఖ్య పదిలక్షలు దాటెను. ఊరినడుమ మూడు కాలువలు ప్రవహించుచున్నవి: ఏలూరుకాలువ, రైవసుకాలువ, బందరుకాలువ. ఇట్టి జలసంపద గల నగరము లెన్ని? కాని మన ఇండ్లు వానికి వీపు చూపి నిలిచినవి. ముఖము చూపినవి కొన్నియే.

ఈ కూడలినే చూడుడు. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రహదారియు, పూనా హైదరాబాదులనుండి మచిలీపట్టణమునకు పోవు రహదారియు ఇచ్చట కలిసికొనుచున్నవి. వాహనముల రద్దీ భరింపరానిదైనందున ఫ్లైఓవరు కట్టిరి. ఒకటి 2020వ సంవత్సరమునను, రెండవది 2022వ సంవత్సరమునను లాంఛనముగా ప్రారంభింపబడినవి. మేలైనపనియే. ఊరితో పనిలేని లారీ ఊరిలో దిగకుండ పైనుండి పోవుచున్నది. కాని ఊరితో పనిగలవాడు క్రిందనే యున్నాడు. నిన్న సాయంకాలము ఈ సభాస్థలికి వచ్చుచు నేను స్తంభములప్రక్క అరగంట నిలిచితిని. ఒక ముదుసలి చేతిసంచితో బందరురోడ్డు దాటగోరి నాలుగుమారులు అడుగువేసి నాలుగుమారులు వెనుకకు వచ్చినది. అయిదవమారు ఒక ఆటోవాడు బండి నాపి, చేయెత్తి వెనుకవారిని నిలిపి, ఆమెను దాటించెను. వంతెన కట్టువాడు వాహనమును దాటించెను. ముదుసలిని దాటించుట ఎవరి పని? అదియే పురశిల్పి పని. తాతగారి రెండవ ప్రశ్న అదియే: నడచువాడు ఎటు పోవుచున్నాడు?

మొదటి ప్రశ్న నీటిది. దానికి సమాధానము 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో మనకందరకు తెలిసినది. బుడమేరు గట్లు తెగి సింగునగరము మొదలగు పేటలను ముంచెత్తెను. అదే సమయమున బరాజు నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద సముద్రమునకు పోవుచుండెను. బుడమేరు కొండలలో పుట్టి కొల్లేటికి పోవునది. వాగునకు దాని త్రోవ జ్ఞాపకముండును; ఆ త్రోవలో ఇల్లు కట్టినవానికి జ్ఞాపకముండదు. మనలో పెక్కురు ఆనాడు పడవలపై అన్నపు పొట్లములు పంచిరి. అది మనకు గర్వకారణము. కాని ఒక్కటి అడిగెదను. మన సంఘమునందు చదివిన గృహశిల్పులు, ఇంజినీర్లు ఇందరు కలరు గదా! ఏ వీథి ఎంత పల్లమో, ఏ మురుగుకాలువ ఎచ్చట పూడినదో తెలుపు పటమొక్కటి మన కార్యాలయమున గలదా? అన్నము పంచుటకు ముందు పంచదగినది ఆ పటము.

నది ఆవలియొడ్డున అమరావతిని గూర్చియు ఒక మాట. ప్రక్కయూరివారి కథ గాదు. మన బంధువుల భూములే అందున్నవి. రైతులు 33,000 ఎకరములకు పైగా సమీకరణమున నిచ్చిరి. 2015వ సంవత్సరము అక్టోబరు 22వ తేదిని శంకుస్థాపనము జరిగెను. 2016వ సంవత్సరమున టోకియో, లండను, అహమ్మదాబాదు నగరముల శిల్పసంస్థలు పోటీపడెను. ఆ అహమ్మదాబాదు సంస్థ దోషీగారిదే. మొదట టోకియోవారి నమూనా నెన్నుకొనిరి; పిమ్మట ఆ పని లండనునందలి ఫాస్టరు సంస్థకు చేరెను. 2019వ సంవత్సరము తరువాత పనులు నిలిచెను. 2025వ సంవత్సరము మే 2వ తేదిని మరల ప్రారంభోత్సవము జరిగెను. రాజకీయముల జోలికి నేను పోను. నా యెరుకలోని కుటుంబములు కొన్ని, తమకు వచ్చిన ప్లాటు పటములో ఎచ్చటనున్నదో ఇతరుల నడిగి తెలిసికొనవలసివచ్చెను. పాసుపుస్తకము చదువగలిగిన రైతునకు పట్టణపు పటము చదువుట తెలియలేదు. లోకప్రసిద్ధులు గీసిన పటములు వచ్చినవి. రైతుప్రక్కన కూర్చుండి వాటిని చదివి చెప్పు తెలుగుబిడ్డలు చాలినంతమంది లేరైరి. ఆ బిడ్డలను తయారుచేయుట మన విద్యానిధికి తగిన పని.

ఇతరులను చెప్పుటకు ముందు మనయింటిని చక్కదిద్దుకొందము. మన కల్యాణమంటపమున ముహూర్తమున్న రాత్రి వాహనములు ఎచ్చట నిలుచుచున్నవి? వీథిలో. ఆ రాత్రి ఆంబులెన్సు పోవలసివచ్చిన త్రోవయేది? మంటపపు కప్పుమీద పడిన వాననీరు ఎటు పోవుచున్నది? పొరుగువారి గుమ్మములోనికి. వృద్ధులు భోజనశాలకు ఎక్కవలసిన మెట్లు ఇరువది రెండు, నేను లెక్కించితిని. దీనిని గీసినవారిని నిందింపకుడు. కట్టునపుడు మనమడిగినది ఎందరు కూర్చుందురనియే గాని, ఎట్లు వత్తురని గాదు.

కావున నా విన్నపములు నాలుగు.

మొదటిది: మంటపమునకు వచ్చు అద్దెలో సంవత్సరమునకు పది ముహూర్తదినముల సొమ్ము ప్రత్యేకించి, గృహశిల్ప పురశిల్పములలో కొన్నియేండ్లు పనిచేసిన ఒకరికి పర్యటనవేతనముగా నొసగుడు. పరదేశమే పోనక్కరలేదు. చండీగఢము, అహమ్మదాబాదు, హైదరాబాదు చూచివచ్చినను చాలును. ఆడపిల్లలను మరువకుడు. మన కృష్ణాతీరపు కూచిపూడి నాట్యము నభ్యసించిన శీలా శ్రీప్రకాష్ గారు 1979వ సంవత్సరమున చెన్నపట్టణమున స్వంతముగా ఆర్కిటెక్టు కార్యాలయమును స్థాపించి పేరొందిరి.

రెండవది: వేతనము గైకొన్నవారు తిరిగివచ్చి ఈ వేదికపై తాము చూచినదానిని చెప్పవలయును. అంతియ గాక మన ఊరిలో ఒక వీథినో, ఒక కాలువనో, ఒక కూడలినో ఎన్నుకొని, ఒక వానకాలము పరిశీలించి, దాని పటమును మన సంఘమునకును కార్పొరేషనునకును ఉచితముగా సమర్పింపవలయును.

మూడవది: మన సంచికలో పూర్వవిద్యార్థుల వార్తలతోపాటు వృత్తివార్తలు ప్రకటింపవలయును. ఏమి కట్టితివి, ఎవరికొరకు, వానకాలమునకు ఎట్లు నిలిచినది, ఏమి తప్పెను, ఇంకొకమారు చేసిన ఎట్లు చేయుదువు, ఈ ప్రశ్నలకు ఉత్తరములు. తప్పు చెప్పుకొన్నవానిని ఎవరును నవ్వరాదు. ఒకని తప్పు తెలిసిన పదిమంది ఆ తప్పు చేయరు.

నాలుగవది కొంచెము చేదుగానుండును. అయినను చెప్పక తప్పదు. ఈ పర్యటనవేతనము మన కులమువారికే అని నిర్ణయింపకుడు. మన విద్యానిధి మనవారి చెమటతో నిండినది. మన బీదపిల్లలకిచ్చు వేతనములలో ఒక్క రూపాయి తగ్గింపుమని నేననను. కాని పురశిల్పము ఒకరి యింటికి చేయు పని గాదు. బుడమేరు సింగునగరమున ప్రవేశించినపుడు ఏ గడపయొద్దను నిలిచి మీరెవరని అడుగలేదు. ముదుసలిని దాటించిన ఆటోవాడును అడుగలేదు. ఊరికి పనిచేయువానిని ఎన్నుకొనునపుడు మనమడుగదగినది రెండే ప్రశ్నలు: నీరు ఎటు పోవునో నీకు తెలియునా? నడచువాడు ఎటు పోవునో చూచితివా? ఈ మాట కొందరు పెద్దలకు రుచింపకపోవచ్చును. వారు కోపపడినను సరియే, ఒకమారు ఆలోచింపుడని మాత్రము చేతులు జోడించి వేడుకొనుచున్నాను.

నా లెక్క ముగియవచ్చినది. తాతగారికి నేను వ్రాసిన కార్డులు పందొమ్మిది. ఆయన గతించిన పిమ్మట వారి కుమారులు ఆ కట్టను నాకు తిరిగి ఇచ్చిరి. ప్రతి కార్డు అంచున ఆయన పెన్సిలుతో ఏదో ఒకటి వ్రాసియుండిరి. "ఇది మన ఊరికి పనికొస్తుంది" అని కొన్నిటిపై. "ఇది రాదు" అని కొన్నిటిపై. పందొమ్మిదిటిలో పనికివచ్చునన్నవి ఏడు. ఆ యేడింటిలో ఇంతవరకు నేను ఈ ఊరిలో చేయగలిగినవి రెండు. తక్కిన అయిదును నా అప్పు. ఆ కట్టను నేడు అధ్యక్షులవారిచేతిలో నుంచుచున్నాను. మొదటి పర్యటనవేతనము పొందువారికి దీనిని ఇప్పింప ప్రార్థన. వారు చేయగలిగినది వారు చేయుదురు. మిగిలినది వారి తరువాతివారు చేయుదురు.